అమ్మకానికి పెట్టిన మా ఫ్లాట్‌ని ఫొటోలకి సిద్ధం చేసిన అనుభవం

అమ్మానాన్న రాజమండ్రిలో అన్నయ్య దగ్గరికి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాక, హైదరాబాద్ నిజాంపేట రోడ్డులో ఉన్న వాళ్ల ఫ్లాట్ అమ్మిపెట్టే బాధ్యత నేను తీసుకున్నాను. మూడో అంతస్తు, తూర్పు గుమ్మం, మూడు పడగ్గదులు. ముందు తెలిసినవాళ్ల ద్వారా ఒక బ్రోకర్‌కి చెప్పాం. ఆయన ఒకరోజు రాత్రి ఎనిమిది దాటాక వచ్చి, ట్యూబ్‌లైట్ వెలుతురులో ఫోన్ నిలువుగా పట్టుకుని గబగబా నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లారు. మర్నాడు ఇళ్ల ప్రకటనల వెబ్‌సైట్‌లో అవి చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. హాల్ ఫొటోలో సగం దివానే, దాని మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టల మూట. వంటింట్లో ఫ్లాష్ వెలుగు పడిన టైల్స్ మాత్రం తెల్లగా మెరిసి మిగతాదంతా చీకటి. బాత్రూమ్ ఫొటోలో బకెట్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అమ్మ రోజూ తడిగుడ్డతో తుడుచుకునే ఇల్లు అది.

ఫోన్లు రాకపోలేదు. వచ్చిన ప్రతివాళ్లూ "ఇంకేమైనా ఫొటోలు ఉన్నాయా అండీ?" అని అడిగేవాళ్లు. ఉన్నవే పంపితే మళ్లీ పలికేవాళ్లు కాదు. వాళ్లని తప్పుపట్టలేం. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వైపు ఇంచుమించు అదే ధరకి, అదే సైజులో చాలా ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి. వారమంతా ఆఫీసుకి పోయేవాళ్లు ఆదివారం ఒక్కరోజు ఇళ్లు చూడగలరు. ఏ రెండు మూడు చూడాలో శనివారం రాత్రి ఫోన్‌లోనే తేల్చేసుకుంటారు. అమెరికాలో ఉన్న పిల్లలైతే ఫొటోలు నచ్చితేనే ఇక్కడున్న అమ్మానాన్నల్ని ఇంటికి పంపుతారు. అందుకని ఆ ఫొటోలు తీసేయమని చెప్పి, కొత్తవి నేనే ఇస్తానన్నాను.

అప్పుడు పుష్యమాసం. శూన్యమాసంలో ఇల్లు కొనే మాట ఎత్తేవాళ్లు తక్కువ, మాఘం రాగానే మళ్లీ కదలిక వస్తుంది. ఆ వ్యవధి మాకు బాగా కలిసొచ్చింది.

మొదట అమ్మని ఒప్పించాలి. "ఇల్లు శుభ్రంగానే ఉందిగా, ఇంకేం సర్దుతావే?" అంది. నిజమే, శుభ్రంగానే ఉంది. కానీ రోజూ చూసే సామాను మన కంటికి ఆనదు. ఫొటోలో అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఇది నోటితో చెప్తే ఆవిడకి ఎక్కలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఒక ఫొటో తీసి, ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "అయ్యో, ఆ డబ్బాలన్నీ ఇలా కనిపిస్తాయా!" అని, తనే ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నేను ఏదీ తీయమని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాదన పెట్టుకోవడం కంటే ఇది మేలు.

ఆ వంటగట్టు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మిక్సీ, గ్రైండర్, పోపులపెట్టె, నూనె క్యాన్, పాలపాకెట్లు కోసే కత్తెర, కుక్కర్ వెయిట్లు వేసుకునే గిన్నె, చింతపండు డబ్బా, నిన్నటి కొత్తిమీర కట్ట, గోడకి మేకుకి వేలాడే పట్టకారు, తలుపు వెనక కవర్లన్నీ కుక్కిన కవరు. అన్నీ రోజూ కావలసినవే. ఫొటోల రోజు కోసం వాటన్నిటినీ రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో పెట్టి పక్కకి తీశాం. గట్టు మీద స్టవ్, ఒక రాగి బిందె, అంతే. నల్ల గ్రానైట్‌ని సబ్బునీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిచేసరికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గట్టు ఒక్కటిగా కనిపించింది. "మనకి ఇంత గట్టుందా!" అంది అమ్మ. కొనేవాళ్లకి కనిపించాల్సింది అదే. మన మిక్సీని వాళ్లు కొనరు, తమ మిక్సీ పెట్టుకోడానికి చోటుందా లేదా చూస్తారు.

మిగతా గదుల్లోనూ అదే లెక్క పెట్టుకున్నాను. నేల ఎంత కనిపిస్తే గది అంత పెద్దగా ఉంటుంది. కాలిపట్టాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మూల నిలబెట్టిన మడతమంచం, ప్లగ్గుకి పెట్టి మరిచిపోయిన దోమల బ్యాట్ అన్నీ వెళ్లిపోయాయి. ఎలాగూ రాజమండ్రి పంపాల్సినవే కాబట్టి సజ్జల మీది ఇత్తడి గుండిగలు, జాడీలు, పండక్కి మాత్రమే దింపే పెద్ద గిన్నెలు ముందే అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. పాత పేపర్లు పేపర్ల అతనికి, కట్టని చీరలు స్టీలు సామాను ఆవిడకి వెళ్లాయి. పెట్టెలు మాత్రం మా ఇంటికి తెచ్చుకున్నాను. అమ్మే ఇంట్లోనే ఒక గదిలో కుక్కేస్తే ఆ గది ఫొటోకీ, చూడ్డానికి వచ్చినవాళ్లకీ కూడా పనికిరాకుండా పోతుంది. వచ్చినవాళ్లు వార్డ్‌రోబ్ తలుపులు కూడా తీసి చూస్తారు. చూడాలి కూడా.

అలాగని ఇల్లంతా బోసిగా చేయనివ్వలేదు. మంచం ఉన్న గది చూస్తే, ఆరడుగుల మంచం వేశాక రెండువైపులా నడవడానికి చోటుందని అర్థమవుతుంది. ఒట్టి గదిని ఫొటో తీస్తే దాని కొలత కంటికి అందదు. అందుకే ప్రతి గదిలో ఒక పెద్ద వస్తువు ఉంచాం. షోకేస్ దగ్గర నాన్న కాస్త పట్టుబట్టారు. అందులో నాన్న కొన్న కొండపల్లి దశావతారాలు ఉన్నాయి. వాటి చుట్టూ పేరుకున్న బహుమతి గడియారాలు, పెళ్లిళ్లలో ఇచ్చిన కుంకుమ భరిణెలు తీసేసి, ఒక అర మొత్తం దశావతారాలకే వదిలాం. నాన్నకి తృప్తి, ఫొటోకీ అందం.

ఇక శుభ్రం చేయడం. ఊడ్చి తుడవడం వేరు, ఫొటోకి తుడవడం వేరు. కెమెరాకి మొదట దొరికేవి స్విచ్‌బోర్డు చుట్టూ వేలిముద్రలు, ఫ్యాన్ రెక్కల అంచున నల్లగా పట్టిన దుమ్ము, కిటికీ గాడిలో మట్టి, దోమతెర మీద బూజు. అన్నిటికంటే మొండిది బాత్రూమ్ కుళాయిల మీద ఉప్పునీళ్ల తెల్లపొర. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు కాబట్టి, ఏళ్లు గడిచేసరికి కుళాయి మెడ చుట్టూ సున్నం గట్టిగా పేరుకుంది. వంటకి వాడే వెనిగర్‌లో పాతగుడ్డ ముక్క తడిపి, కుళాయి చుట్టూ చుట్టి, రబ్బరు బ్యాండు వేసి అరగంట వదిలేశాను. గుడ్డ విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర మెత్తబడి పొడిపొడిగా రాలింది. మెడ దగ్గర ఇంకా మిగిలితే నిమ్మచెక్కతో రుద్ది, మంచినీళ్లతో కడిగి తుడిచాను. కింద ఉన్న అసలు మెరుపు బయటికి వచ్చింది. కొత్త కుళాయిలు వేయించాలనుకున్న ఖర్చు తప్పింది.

రెండు జాగ్రత్తలు చెప్పకుండా ముందుకి పోలేను. వెనిగర్, నిమ్మకాయ లాంటి పులుపు ఏదీ పాలరాయి మీద, వంటింటి అరల్లో వేసే కడప బండ మీద పడనివ్వకండి, రాయిని తినేస్తుంది. బాత్రూమ్ యాసిడ్‌ని కుళాయిల దగ్గరికి అసలు రానివ్వకండి. ఆ యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పనిమనిషి చేస్తున్నా సరే, ఈ మాట ఆవిడకి ముందే చెప్పాలి.

వెలుతురు సంగతికి వస్తే, తూర్పు ముఖం ఫ్లాట్ అంటే ఉదయం హాల్‌లో ఎండ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అపార్ట్‌మెంట్లలో ముఖం అంటే గుమ్మం ఉన్న దిక్కు. మా గుమ్మం బయట ఉన్నది కారిడార్. హాల్‌కి వెలుగు వచ్చేది పడమటి బాల్కనీ నుంచి. కాబట్టి ఉదయం హాల్ మసకగా ఉంటుంది, మధ్యాహ్నం మూడు దాటాక గది నిండుతుంది. వంటిల్లు వాస్తు ప్రకారం ఆగ్నేయంలో ఉంది కాబట్టి దాని తూర్పు కిటికీలోంచి పొద్దున్నే బంగారంలాంటి వెలుగు. పెద్ద పడగ్గది నైరుతిలో, అది సాయంత్రం గది. ఇల్లంతా ఒకే పూట తీయాలని కూర్చుంటే ఏదో ఒక గది చీకటిగానే వస్తుంది. వాస్తు చూసి కట్టిన ఇళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి ఈ లెక్క మీకూ పనికొస్తుంది: వంటిల్లు పొద్దున, నైరుతి గది సాయంత్రం, హాల్ బాల్కనీని బట్టి.

కాలం కూడా చూసుకోవాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు ఒరిగి పోతాడు. డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అందుకే దక్షిణపు కిటికీలోంచి ఎండ గదిలోకి లోతుగా వస్తుంది. అదే మే 9 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడే పడదు. అప్పుడు అదే కిటికీలోంచి నేరుగా ఎండ రాదు. మేం తీసింది పుష్యంలో కాబట్టి దక్షిణపు గది కళకళలాడింది.

లైట్లు వేయాలా వద్దా అన్నదానికి నా జవాబు, పగటి వెలుతురు చాలినంత ఉంటే వద్దు. మా హాల్‌లో తెల్ల ట్యూబ్‌లైట్, ఫాల్స్ సీలింగ్‌లో పసుపు లైట్లు కలిసి ఉన్నాయి. పగటి వెలుతురులో అన్నీ వేస్తే ఫొటోలో ఒక గోడ నీలంగా, ఒక గోడ నారింజ రంగులో వచ్చింది. ఆర్పేస్తే గోడల అసలు రంగు కనిపించింది. ఫ్యాన్లు కూడా ఆపేయాలి, తిరిగే రెక్కలు మసకగా పడతాయి. కర్టెన్లు పూర్తిగా పక్కకి లాగి, కిటికీ అద్దాలు రెండువైపులా తుడవాలి.

తీసింది నా ఫోన్‌తోనే. ఫొటోగ్రాఫర్‌ని పిలిస్తే ఇంకా బాగా వస్తాయి, ఖరీదైన విల్లా అయితే పిలవమనే చెప్తాను. ఫోన్‌లో గళ్ల గీతలు ఆన్ చేసుకుని, అడ్డంగా, నా ఛాతీ ఎత్తులో పట్టుకున్నాను. ఆ ఎత్తు నుంచి గట్టు పైభాగమూ కనిపిస్తుంది, నేలా కనిపిస్తుంది. తలెత్తు నుంచి కిందికి వంచి తీస్తే గోడలు కిందికి పోయేకొద్దీ దగ్గరకి వచ్చినట్టు పడతాయి. ఫోన్ నిటారుగా ఉంటే గోడలు నిటారుగా వస్తాయి. గది మూలలో నిలబడి ఎదుటి మూల చూస్తూ తీస్తే రెండు గోడలు నిండుగా పడతాయి. కిటికీ మరీ తెల్లగా తేలిపోతుంటే, స్క్రీన్ మీద కిటికీని తాకి వెలుగు కాస్త తగ్గిస్తే బయటి వేపచెట్టు కూడా కనిపించింది.

ఫోన్‌లో ఎక్కువ వెడల్పు పట్టే 0.5 లెన్స్‌తో తీస్తే చిన్నగది కూడా పెళ్లిహాల్ అంత వస్తుంది. ఆ ఆశ ఎవరికైనా పుడుతుంది. కానీ అంచుల్లో మంచం సాగిపోతుంది, ఫ్రిజ్ వాలిపోతుంది. పైగా ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిరాశపడతారు. ఒకసారి నిరాశపడినవాళ్లకి ఇంట్లో ఇంకేదీ నచ్చదు. బాత్రూమ్ లాంటి ఇరుకు చోట తప్ప మిగతావన్నీ నేను మామూలు లెన్స్‌తోనే తీశాను.

ఫొటోలో ఏం పడకూడదో అమ్మ నాకంటే బాగా చెప్పింది. "బీరువా పడకుండా తీయవే, నగలెక్కడుంటాయో ఊరంతటికీ చూపిస్తావా?" అంది. సరైన మాట. ఇంకా చూసుకుంటే గుమ్మం పక్కన తాళాల గుత్తులు, ఫ్రిజ్ మీద అంటించిన కరెంటు బిల్లు, బడి పేరుతో సహా ఉన్న మేనల్లుడి ఫొటో, వైఫై పాస్‌వర్డ్ రాసిన కాగితం, నాన్న మందుల డబ్బా, తలుపు మీద ఇంటిపేరు, ఫ్లాట్ నంబర్. ఇవన్నీ తీసేశాకే కెమెరా పట్టాను. ఫోన్ కెమెరాలో లొకేషన్ కూడా ఆఫ్ చేశాను. దేవుడి గది విషయంలో అమ్మ మాటే నెగ్గింది, తలుపు వేసి తీశాం. గడపకి పసుపు, కుంకుమ అలాగే ఉంచి, ఎండిపోయిన మామిడి తోరణం మాత్రం తీసేసి కొత్తది కట్టాం.

ఇక అసలు చిక్కు. పెద్ద పడగ్గదిలో, బాత్రూమ్‌ని ఆనుకున్న గోడకి చెమ్మ ఉంది. మోకాలెత్తులో పెయింట్ బుడగలు లేచి, పెచ్చులు ఊడుతోంది. బ్రోకర్ చూసి, "మేడమ్, అక్కడ ఒక బీరువా జరపండి, లేకపోతే ఫోన్‌లో యాప్‌తో చెరిపేయొచ్చు, రెండు నిమిషాల పని" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఎవరో తమ జీవితమంతా కూడబెట్టిన డబ్బు, ఇరవయ్యేళ్ల లోన్ పెట్టి కొంటారు. మొదటి వానాకాలానికే ఆ గోడ వాళ్ల పిల్లల మంచం పక్కన చెమ్మగిల్లుతుంది. పైగా ఇది చట్టం ముందూ నిలవదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ఉంది. ఆస్తిలో ఉన్న ముఖ్యమైన లోపం అమ్మేవాళ్లకి తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో చూసినా దొరకనిదైతే, దాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే అంటుంది.

ప్లంబర్‌ని పిలిపిస్తే పైపు బాగానే ఉందని తేలింది. షవర్ కింద టైల్స్ మధ్య సందులు పూడ్చే గ్రౌట్ ఊడిపోయి, ఆ సందుల్లోంచి నీళ్లు దిగుతున్నాయి. పాత గ్రౌట్ గీకించి నీళ్లు దిగని ఎపాక్సీ గ్రౌట్ వేయించాం. గోడకి వెంటనే పెయింట్ వేసేస్తానన్నాడు పెయింటర్, ఆపాను. లోపల తడి ఆరకుండా పుట్టీ పెడితే మళ్లీ బుడగలే లేస్తాయి. ఊడిన చోటంతా గీకించి, గోడ పూర్తిగా ఆరేదాకా అలాగే వదిలేశాం. ఫొటోలు ఆ మచ్చతోనే తీసి, వివరాల్లో రాశాను: "బాత్రూమ్ గ్రౌట్ లీకేజీ సరిచేయించాం, గోడ ఆరాక పెయింట్ వేసి ఇస్తాం." బ్రోకర్ అది చదివి తల పట్టుకున్నారు. నాన్న మాత్రం "అలాగే ఉంచు" అన్నారు.

పెట్టే వరుస కూడా ఆలోచించాను. మొదటిది వెలుగుతో నిండిన హాల్, తర్వాత వంటిల్లు, పడగ్గదులు, బాత్రూమ్‌లు, బాల్కనీ, చివర లిఫ్టు, పార్కింగ్. బాల్కనీలో బట్టల తాళ్లు విప్పేసి తులసికోట ఉంచాం. వాటితో పాటు టేపు పెట్టి కొలిచి, ఒక తెల్లకాగితం మీద దిక్కులు వేసి ఇంటి ప్లాన్ గీసి ఫొటో తీశాను. మనవాళ్లు స్టవ్ ఏ వైపు, మంచం తల ఏ వైపు, ఈశాన్యంలో బాత్రూమ్ ఉందా అని ఫొటోలు పెద్దవి చేసి మరీ వెతుకుతారు. ప్లాన్ ఉంటే ఆ ప్రశ్నలు అక్కడే తీరతాయి. గోడలతో కలిపి లెక్కేసే ప్లింత్ ఏరియాతో పాటు గోడల మధ్య వాడుకునే కార్పెట్ ఏరియా, స్థలంలో మన వాటా ఎన్ని గజాలో కూడా రాశాను. ఇళ్లు కొనేవాళ్ల రక్షణ కోసం తెచ్చిన 2016 రెరా చట్టం వచ్చాక కార్పెట్ ఏరియా అడిగేవాళ్లు పెరిగారు. ఇంకో చిన్న విషయం, వాట్సాప్‌లో ఫొటోని ఫొటోగా పంపితే పలచబడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే తీసినట్టే చేరుతుంది. బ్రోకర్‌కి అలాగే పంపాను.

మాఘంలో కొత్త ఫొటోలు సైట్‌లోకి వెళ్లాక ఫోన్ల తీరు మారింది. ఇంకా ఫొటోలు పంపమన్నవాళ్లు లేరు. గజాలెన్ని, మెయింటెనెన్స్ ఎంత, ఈసీ (ఆస్తి మీద తాకట్టులు, లావాదేవీలు చూపే పత్రం) తీశారా, ఆ గోడ సంగతేంటి అని అడిగారు. గోడ గురించి అడిగిన దంపతులే చివరికి కొన్నారు. వచ్చినప్పుడు ఆయన తిన్నగా ఆ గది దగ్గరికి వెళ్లి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు. పొడిగా ఉంది. గ్రౌట్ పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు కూడా చూపించాను. బేరం ఆడారు, ఆడకుండా ఎలా ఉంటారు. కానీ ఆ గోడ పేరు చెప్పి మాత్రం ధర తగ్గించమనలేదు.

అగ్రిమెంట్ అయిన రోజే నేను చేసిన పని ఒకటుంది, ఇది చాలామంది వదిలేస్తారు. సైట్లలో మా ప్రకటన తీయించాను. మా ఫొటోలు వాడుకున్న ఇతర బ్రోకర్లకి కూడా ఫోన్ చేసి తీసేయమన్నాను. ఒకరిద్దరు "ఉంటే ఏమవుతుంది మేడమ్, కాల్స్ వస్తాయి కదా" అన్నారు. అది ఇప్పుడు వేరేవాళ్ల ఇల్లు అండీ, వాళ్ల పడగ్గది ఎలా ఉంటుందో ఊళ్లో వాళ్లంతా చూడక్కర్లేదని చెప్పాను. రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా ఒక సైట్‌లో మా హాల్ ఫొటో మళ్లీ కనిపిస్తే రిపోర్టు కొట్టి తీయించాను. ఇంటి ప్లాన్ గీసిన కాగితం మాత్రం కొన్నావిడ అడిగి తీసుకున్నారు, మంచాలు ఎక్కడ పడతాయో చూసుకోవాలట.